శాలరీ కాప్ లోపలే ఉన్నట్టు చూపిస్తోంది, కానీ లెక్క తేలట్లేదు: మోసాన్ని ఎలా పట్టుకోవాలి?

బెంజ్‌సర్కిల్_బ్లిట్జ్ (విజయవాడ):
విజయవాడ, గుంటూరు కుర్రాళ్లు, అమెరికాలో ఉన్న నలుగురు కలిసి ఆడే 12 టీముల అమెరికన్ ఫుట్‌బాల్ సిమ్ (కంప్యూటర్ సిమ్యులేషన్ గేమ్) లీగ్ ఇది. శాలరీ కాప్, అంటే ఒక టీము ఏడాదికి ఆటగాళ్ల మీద పెట్టగల ఖర్చు పరిమితి, 279.2 మిలియన్ డాలర్లు. అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ 2025కి పెట్టిన అంకే. రూల్స్ కూడా అక్కడివే. సిమ్ వారానికోసారి రోస్టర్‌ని (ఆటగాళ్ల జాబితా) సీఎస్‌వీ ఫైల్‌గా ఇస్తుంది, గూగుల్ షీట్‌లో వేసి కూడతాం.

ఒక టీముకి ఇంకా 4.1 మిలియన్ మిగులు చూపిస్తోంది. కానీ ఆఫ్ సీజన్‌లో వాళ్ల రోస్టర్ నుంచి ముగ్గురు ఖరీదైన ఆటగాళ్లు పోయారు, ముగ్గురివీ పెద్ద బోనస్ కాంట్రాక్టులు. డెడ్ మనీ (వెళ్లిపోయిన ఆటగాడి బోనస్‌లో ఇంకా కాప్‌లో పడాల్సిన భాగం) గడిలో మాత్రం సున్నా. ఇది మోసమా, సిమ్ పొరపాటా? ఆధారం లేకుండా ఎవరి మీదా నింద వేయలేం. ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్రాడీపేట_4వలైను (గుంటూరు):
మొత్తం చూపే గడిని వదిలెయ్ తమ్ముడూ, అది చివర్న చూసేది. ముందు ఒక్కో కాంట్రాక్టు పట్టుకో. కాప్ లెక్కకి మూలసూత్రం ఒకటే: ఆటగాడికి ఇచ్చిన ప్రతి డాలరూ ఏదో ఒక సంవత్సరం, ఏదో ఒక టీము కాప్‌లో పడి తీరాలి. వాయిదా వేయొచ్చు, మాయం చేయడం కుదరదు.

ఒక కాంట్రాక్టు వేసి చూడు. నాలుగేళ్లు, సంతకం బోనస్ 20 మిలియన్, జీతాలు వరసగా 2, 4, 8, 10. బోనస్ ఏడాదికి 5 చొప్పున పడుతుంది కాబట్టి కాప్ హిట్‌లు (ఒక్కో ఏడాది కాప్‌లో పడే మొత్తాలు) 7, 9, 13, 15. కూడితే 44. చేతికిచ్చింది కూడా 24 జీతం, 20 బోనస్, మొత్తం 44. సరిపోయింది.

రెండేళ్ల తర్వాత తీసేశారనుకో. ఇంకా లెక్కలోకి రాని బోనస్ 10. జూన్ 1 లోపు తీసేస్తే ఆ పదీ ఆ సంవత్సరమే డెడ్ మనీ: 13 పోయి 10 వస్తుంది, మిగిలేది 3 మాత్రమే. జూన్ 1 తర్వాతైతే ఈ ఏడాది 5, వచ్చే ఏడాది 5. ఏ దారిన పోయినా ఆ 10 ఎక్కడో కనిపించాలి. సున్నా అంటే పదీ ఎటో జారిపోయింది.

రీస్ట్రక్చర్లనీ ఇలాగే చూడు. మూడో ఏట 8 జీతంలో 6 బోనస్‌గా మార్చారనుకో, మిగిలిన రెండేళ్లకి మూడేసి. మూడో ఏడు 13 కాస్తా 10 అవుతుంది, నాలుగో ఏడు 15 కాస్తా 18. రెండూ కలిపి ముందూ 28, తర్వాతా 28. నాలుగో ఏడు 15 దగ్గరే ఆగిపోతే ఎవరో చెయ్యి పెట్టినట్టే.

బోనస్ ఐదేళ్లకి మించి పరచకూడదు. ఆరేళ్ల కాంట్రాక్టుకి బోనస్‌ని ఆరుతో భాగించి ఉంటే అది తప్పు. 36 ఏళ్ల క్వార్టర్‌బ్యాక్‌కి (బంతి విసిరే ఆటగాడు) ఐదేళ్ల కాంట్రాక్టు కనిపించినా ఆగి చూడు. కొన్ని సిమ్‌లలో ఆటగాడు రిటైరైతే మిగిలిన బోనస్ చెరిగిపోతుంది, అది తెలిసే ఇస్తారు. అసలు ఎన్ఎఫ్ఎల్‌లో రిటైరైనా ఆ భారం టీముదే. అందుకే డెడ్ మనీకి సిమ్‌ని నమ్మకుండా వేరే చిట్టా రాసుకోవాలి. మిర్చి యార్డులో టిక్కీ (బస్తా) కాటాకెక్కకుండా అమ్మినవాడు చెప్పిన తూకం రాసుకుంటామా? ఇదీ అంతే.

కృష్ణలంక_ఎక్సెల్:
కాంట్రాక్టుల కంటే ముందు షీట్ సంగతి చూడండి. కాకిలెక్కలు సగం అక్కడే పుడతాయి.

1. జీతం గడిలో అంకె అక్షరంగా పడి ఉంటే సమ్ ఫార్ములా దాన్ని వదిలేస్తుంది. ముందు అపాస్ట్రఫీ (') గుర్తు పెట్టినా చాలు. అంకెలు కుడివైపుకి, అక్షరాలు ఎడమవైపుకి జరిగి ఉంటాయి కాబట్టి కంటికే కొంత తెలుస్తుంది. హెడ్డింగ్ వదిలేసి ఆ జీతాల నిలువు వరసకి కౌంట్ (అంకెలనే లెక్కిస్తుంది), కౌంట్ఏ (నిండిన గడులన్నీ లెక్కిస్తుంది) రెండూ వేయండి. తేడా ఎంతొస్తే అన్ని జీతాలు కూడికలో లేనట్టు.

2. మొత్తానికి సబ్‌టోటల్ 109 వాడారేమో చూడండి. అది దాచిన వరసల్ని లెక్కలోకి తీసుకోదు. ఇద్దరు ఆటగాళ్ల వరసలు హైడ్ చేస్తే కాప్ దానంతట అదే తగ్గిపోతుంది! మామూలు సమ్‌కి ఆ జబ్బు లేదు.

3. గడి మీద రైట్ క్లిక్ చేస్తే ఎడిట్ హిస్టరీ వస్తుంది, కానీ తీసేసిన వరసలు అందులో కనపడకపోవచ్చు. వాటికి వెర్షన్ హిస్టరీ తెరవాలి.

4. రెండు వారాల సీఎస్‌వీలని పోల్చేటప్పుడు పేరుతో కాదు, ప్లేయర్ ఐడీతో కలపండి. ఒకే పేరున్న లైన్‌బ్యాకర్లు ఇద్దరుంటే పేరు పద్ధతి కొంప ముంచుతుంది. ట్రాన్సాక్షన్ లాగ్‌లో లేకుండా జీతం, బోనస్, ఏళ్లు, ఈ మూడింటిలో ఏది మారినా ఎర్ర రంగు వేయండి.

మంగళగిరి_ఆడిట్:
పై ఇద్దరూ చెప్పింది సరే, తప్పుడు అనుమానాల గురించి కూడా చెప్పాలి.

ఆఫ్ సీజన్‌లో పెద్ద కాప్ హిట్‌లున్న 51 మందినే లెక్కేస్తారు. సీజన్ మొదలవగానే 53 మందీ, గాయాల జాబితా, ప్రాక్టీస్ స్క్వాడ్ అన్నీ చేరతాయి. ఆగస్టు ఫైల్‌నీ సెప్టెంబర్ ఫైల్‌నీ పక్కపక్కన పెడితే ఏ తప్పూ చేయని టీము కూడా దొంగలా కనపడుతుంది.

రెండోది టైము. బుధవారం పొద్దున్న 8కి మనం ఫైల్ తీస్తే న్యూయార్క్‌లో మంగళవారం రాత్రి 10.30. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం మార్చాక అదే 9.30 అవుతుంది. "గడువు దాటాక సైన్ చేశాడు" అనే ఫిర్యాదులు ఈ గంట తేడాతోనే వస్తాయి. లాగ్ మొత్తం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) ఉంచండి.

ఇక నిజమైన మోసం "పార్కింగ్". తనిఖీ ఎప్పుడో అందరికీ తెలిస్తే, ముందు రోజు ఖరీదైన ఆటగాడిని స్నేహితుడి టీముకి పంపి, తర్వాతి రోజు వెనక్కి తెచ్చుకుంటారు. వారానికి ఒక ఫైల్ చాలదు. చెప్పాపెట్టకుండా ఇంకో రెండు తీయండి. ఒకే ఆటగాడు పది రోజుల్లో అవే రెండు టీముల మధ్య అటూ ఇటూ తిరిగితే ఇంకేం కావాలి.

అరండల్‌పేట_స్నాప్:
ఇన్సెంటివ్‌లు ఎవరూ ఎత్తలేదే. పోయిన సీజన్ 12 శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) చేసినవాడికి "10 శాక్‌లు చేస్తే 3 మిలియన్" అని రాసి, దాన్ని "వచ్చే అవకాశం తక్కువ" కింద వేస్తారు. అలా వేస్తే ఈ ఏడాది కాప్‌లో పడదు, సాధిస్తే వచ్చే ఏడాది పడుతుంది. కానీ పోయినేడు సాధించిన గీత కాబట్టి అది ఈ ఏడాదే పడాలి. నిరుటి గణాంకాలు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చూడండి.

ఒకే ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి రెండు టీములు నడుస్తున్నాయంటే ఇద్దరూ ఒకడే అనుకోవచ్చు కదా?

మంగళగిరి_ఆడిట్:
అనుకోకూడదు. హాస్టల్ వైఫైలో పాతికమందికి బయటికి కనపడేది ఒకటే ఐపీ, మొబైల్ డేటాలో వందలమందికి కూడా అంతే. ఐపీని ఆధారం చేస్తే ఒకే రూములో ఉండే ఇద్దరు బీటెక్ పిల్లలు అన్యాయంగా పోతారు. ట్రేడ్‌లు (ఆటగాళ్ల మార్పిడి) ఒకే వైపుకి లాభంగా ఉన్నాయా అన్నది చూడండి.

బెంజ్‌సర్కిల్_బ్లిట్జ్ (విజయవాడ):
ఐడీలతో కలిపి చూశాను. ముగ్గురిలో ఒకరిది రిటైర్మెంట్, 6 మిలియన్ బోనస్ చెరిగిపోయింది. మిగతా ఇద్దరినీ ఇంకో టీముకి ట్రేడ్ చేశారు, ఆ టీమువాళ్లు ఇద్దరినీ రెండు రోజుల్లో వదిలేశారు. ఇద్దరిదీ కలిపి 14 మిలియన్ బోనస్ మిగిలుంది, రెండు టీముల లెక్కలోనూ లేదు.

బ్రాడీపేట_4వలైను (గుంటూరు):
దొరికింది. ట్రేడ్ చేస్తే మిగిలిన బోనస్ పాత టీముకే అంటుకుంటుంది, ఎన్ఎఫ్ఎల్‌లో అదే పద్ధతి. 6, 14 కలిపి 20. జూన్ 1 లోపు జరిగి ఉంటే అంతా ఈ ఏడాదే కాబట్టి, 4.1 మిగులు కాదు, కాప్ కంటే 15.9 మిలియన్ ఎక్కువ ఉన్నారు.

కానీ మీ రూల్ బుక్‌లో ట్రేడ్ బోనస్ గురించి రాసి ఉందా? "ఎన్ఎఫ్ఎల్ రూల్సే" అన్న ఒక్క ముక్కే ఉంటే వాదన నిలబడదు, సిమ్ ఒప్పుకుంది కదా అంటాడు ఆ టీము ఓనర్. రాసి లేకపోతే అది మోసం కాదు, సందు. ఈ సీజన్‌కి 20 మిలియన్ చిట్టాలోకి ఎక్కించి, కాప్ లోపలికి రావడానికి రెండు వారాలు గడువివ్వు. రాసి ఉంటే మాత్రం డ్రాఫ్ట్ పిక్ (కొత్త ఆటగాడిని ఎంచుకునే అవకాశం) తీసేయాలి. బయటపెట్టని వాయిదా చెల్లింపులకి డెన్వర్ బ్రాంకోస్‌కి 2004లో 9.5 లక్షల డాలర్ల జరిమానాతో పాటు మూడో రౌండ్ పిక్ కూడా పోయింది.

ముందు ఆ ఇద్దరినీ వదిలేసిన రెండో టీము ఓనర్‌ని విడిగా అడుగు. రెండు రోజుల్లో వదిలేయాల్సినవాళ్లని ఎందుకు తెచ్చుకున్నాడో ఒక వాక్యంలో రాసివ్వమను. ఓనర్లిద్దరినీ ఒకే గ్రూప్ కాల్‌లో మాత్రం అడగొద్దు.