చదవని పుస్తకాన్ని అవార్డు వచ్చిందని చెప్పి ఇంకొకరికి అంటగట్టవచ్చా?

పెన్నాగట్టు (నెల్లూరు):
డిసెంబరు దాటితే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే వరస. "ఈ ఏడాది తప్పక చదవాల్సిన పుస్తకాలు" అని పది పేర్లు, పక్కనే ఏ అవార్డు వచ్చిందో. పంపినవాళ్లలో ఎంతమంది చదివారని అడిగితే ఒక్కరూ పలకరు. నేననేది ఒకటే. తాను చదవని పుస్తకాన్ని, అవార్డు పేరు చూసి, ఇంకొకరిని చదవమనకూడదు.

ఈ తప్పు నేనూ చేశాను. మా పిన్నమ్మకి అరవై దాటాయి, వారపత్రికల సీరియళ్లు ఒక్కటి వదలకుండా చదివిన మనిషి. మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద ఉంటే పొద్దు పోవడం లేదని "మంచి పుస్తకం ఏదన్నా ఉంటే తెచ్చిపెట్టు నాయనా" అంది. 2024 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది కదా అని పెనుగొండ లక్ష్మీనారాయణ గారి 'దీపిక' కొని ఇచ్చి వచ్చాను. కనీసం తెరిచి చూడలేదు. అది సాహిత్య విమర్శ. మూడో రోజు వెళ్తే పుస్తకం దిండు పక్కన ఉంది, పన్నెండో పేజీ దగ్గర మందుల చీటీ పెట్టి ఉంది. "నాకంత బుర్ర లేదులే నాయనా, పెద్దోళ్లకి ఇచ్చుకో" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటా ఉంది. విమర్శ చదివేవాళ్లకి ఆ పుస్తకం కావాల్సిందే, దాని తప్పేమీ లేదు. ఆమె తప్పు అసలే లేదు. మధ్యలో చెప్పినవాడిదే తప్పు.

పామూరు పాఠకురాలు:
అన్నా, మీరు నెల్లూరులో ఉండబట్టి ఈ మాట అనగలుగుతున్నారు. మా వైపు పుస్తకాల షాపంటే స్కూలు నోట్సులు, పోటీ పరీక్షల గైడ్లు, అంతే. తెలుగులో ఒక కథల పుస్తకం వేస్తే ఐదొందలో వెయ్యో కాపీలు వేస్తారు, అవి రాసినవాళ్ల స్నేహితులకే సరిపోతాయి. అవార్డు రాకపోతే ఆ పేరు మా చెవిన పడే దారేది?

బాను ముష్తాక్ గారు పక్క రాష్ట్రంలో, కన్నడంలో, దశాబ్దాలుగా రాస్తున్నారు. 2025 మేలో ఆమె కథల పుస్తకం 'హార్ట్ ల్యాంప్'కి, ఇంగ్లీషులోకి అనువాదమైన పుస్తకాలకి ఇచ్చే అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చేదాకా ఆమె పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఆ బహుమతి డబ్బు 50,000 పౌండ్లు ఆమెకీ, ఇంగ్లీషులోకి తెచ్చిన దీపా భాస్తి గారికీ చెరి సగం అని వార్తల్లో చూసి, అనువాదం చేసినవాళ్లకి అంత గౌరవమా అని ఆశ్చర్యపోయాను. ఆ పుస్తకం పేరు మా గ్రూపులో పెట్టినావిడ దాన్ని చదవలేదు, నాకు తెలుసు. అయినా నేను తెప్పించుకున్నాను. పన్నెండు కథలు. పొద్దున పాలు పోసి వచ్చాక డిక్షనరీ పక్కన పెట్టుకుని రోజుకొకటి, కొన్ని రెండు రోజులు పట్టాయి. అందులో ఆడవాళ్లు మా వీధిలో ఆడవాళ్లే అనిపించి ఒక కథ దగ్గర ఏడ్చాను కూడా. ఆవిడ పెట్టకపోతే నేను చదివేదాన్నా, చెప్పండి.

ఒంగోలు లైబ్రరీ సభ్యుడు:
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది కానీ అసలు "ఈ ఏడాది పుస్తకాలు" అనడమే తప్పు. 2024 అకాడమీ అవార్డుకి చూసింది 2018 నుంచి 2022 దాకా మొదటిసారి అచ్చయిన పుస్తకాల్ని. నోబెల్ అయితే ఒక పుస్తకానికి ఇచ్చేదే కాదు, ఆ మనిషి మొత్తం రాతకి ఇస్తారు, అది తెలియక "నోబెల్ వచ్చిన పుస్తకం ఏది" అని లైబ్రరీలో అడుగుతుంటారు.

ఇంకోటి, అకాడమీ అవార్డు తెలుగులో 2021లో కవిత్వానికి వచ్చింది, 2022లో నవలకి, 2023లో కథలకి, 2024లో విమర్శకి. పేరు ఒకటే, సరుకు వేరు. బియ్యం కొట్టుకి పోతే కూడా మొలగొలుకులు కావాలా ఇంకేమన్నానా, అన్నానికా దోసెలకా అని అడిగి ఇస్తారే, పుస్తకానికి మాత్రం ఏమీ అడగకుండా చేతిలో పెట్టేస్తాం!

పైగా చెప్పిన పుస్తకం దొరకాలి కదా. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. నేను వెళ్లే లైబ్రరీకి అవార్డు పుస్తకం రెండేళ్లకి వచ్చింది. వెనక అంటించిన తేదీల చీటీ మీద మూడే ముద్రలు, మూడూ నావే.

పెన్నాగట్టు (నెల్లూరు):
పామూరు అక్కా, మీరు చెప్పింది చదివాక నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. పేరు వినపడాలి, ఒప్పుకుంటా. అయితే పేరు చెప్పడం వేరు, "తప్పక చదవండి" అనడం వేరు. చదవకపోతే "నేను చదవలేదు, ఇవి కథలు, ఇన్ని పేజీలు, రేటు ఇంత" అని చెబితే చాలు, ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుంటారు. "తప్పక" అన్నప్పుడు మాత్రం పూచీ మనదే. ఎందుకంటే ఒకసారి దెబ్బతిన్న మనిషి ఇంకో పుస్తకం ముట్టుకోడు.

అడిగి ఇస్తే ఏమవుతుందో కూడా చూశాను. మా బండి బాగుచేసే ఆయనది ఉదయగిరి వైపు. ఎప్పుడు కదిలించినా కోట గురించే చెబుతాడు, ఏ రాజు ఎప్పుడు ఏలాడు, ఎవరు ఎవరి మీదకి దండెత్తారు అని. 'శప్తభూమి' నేను చదివి ఉన్నాను, బండి నారాయణస్వామి గారి నవల, రాయలసీమ చరిత్ర, 2019లో అవార్డు వచ్చింది. అవార్డు సంగతి ఆయనకి చెప్పనే లేదు. "మీ కోట కబుర్లలాంటివే ఉంటాయి, పక్క సీమవి" అని ఇచ్చాను. వారం తర్వాత పోతే అట్ట నిండా గ్రీజు వేలిముద్రలు. నాలుగు రాత్రులు చదివాడంట. బండి పక్కన పెట్టి గంటసేపు దాని గురించే మాట్లాడాడు, నాకు గుర్తులేని పాత్రల పేర్లు కూడా ఆయనే చెప్పాడు.

పిన్నమ్మకి ఈసారి పతంజలి శాస్త్రి గారి 'రామేశ్వరం కాకులు' అనుకుంటున్నా, 2023లో అవార్డు వచ్చిన కథలు. ముందు నేను చదువుతున్నా, నాలుగు కథలు అయ్యాయి. అన్నీ ఒకేసారి చేతిలో పెట్టను, ఆమెకి నచ్చుతుందనిపించిన ఒక్క కథ నేనే చదివి వినిపిస్తా. బాగుందంటే పుస్తకం అక్కడ వదిలేసి వస్తా.

పామూరు పాఠకురాలు:
వినిపించాక ఆమె ఏమందో ఇక్కడ రాయండి అన్నా. ఆమె చదవడం అయ్యాక ఆ పుస్తకం మా ఊరి బస్సులో వేయండి, బస్టాండుకి వచ్చి తీసుకుంటా. చార్జీ నేను ఇస్తా.