మరోచరిత్ర క్లైమాక్స్: బాలూ, స్వప్న చావాల్సిందేనా?

గ్రీమ్స్‌పేట కోడలు:
నాది వేలూరు, మా ఆయనది చిత్తూరు. ఇక్కడ పూలమ్మే ఆమె కూడా నాతో తమిళంలోనే బేరమాడుతుంది. అందుకే ఈ సినిమాలో బాలూ తమిళబ్బాయి, స్వప్న తెలుగమ్మాయి అనేసరికి రెండిళ్ళవాళ్ళూ అంత రచ్చ చేయడం నాకు వింతగానే ఉంటుంది. నిన్న మా అత్తతో కూర్చుని మళ్ళీ చూశా. బాలూగా వేసిన కమల్ హాసన్, లిఫ్టులో రకరకాల సినిమాల పేర్లన్నీ గుచ్చి పాడుతుంటే ఆమె ఒక్కో పేరూ ముందే అందించి తెగ నవ్వింది. చివరికొచ్చేసరికి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నా గోల ఏమిటంటే, పెళ్ళికి ముందు ఏడాది పాటు కలవకూడదని పెద్దవాళ్ళు షరతు పెట్టారు, పిల్లలు అలాగే ఉన్నారు. తీరా గడువు తీరాక రౌడీలు ఊడిపడి బాలూను కొట్టడం, అప్పుడే స్వప్న మీద అఘాయిత్యం! వీళ్ళను కథ చంపిందా, డైరెక్టర్ బాలచందర్ చంపాడా?

బైరాగిపట్టెడ బాబాయ్:
ఊడిపడలేదమ్మా. ఆ ఏడాదిలో బాలూకు దగ్గరైన సంధ్య పాత్ర, మాధవి వేసింది, ఉంది కదా. ఆమెకు బాలూ అన్యాయం చేశాడన్న కోపంతో పంపిన మనుషులు వాళ్ళు. 1978లో ఆ ముగింపు చూసి హాల్లో ఏడవనివాళ్ళు లేరు. సుఖాంతమైతే ఇప్పుడు మనం మాట్లాడుకునేవాళ్ళమా?

సెకండ్ షో:
1981లో హిందీలో తీసినప్పుడు విశాఖ తీసేసి గోవా పెట్టాడు, తెలుగమ్మాయిని ఉత్తరాది అమ్మాయిని చేశాడు. ముగింపు మాత్రం ముట్టుకోలేదు. అంటే కావాలనే పెట్టుకున్నాడు.

గ్రీమ్స్‌పేట కోడలు:
సంధ్య సంగతి సరే బాబాయ్. స్వప్నకు జరిగినదానికి సంధ్యతో ఏం సంబంధం? బాలూ ఫొటో కాల్చేస్తే ఆ బూడిద కలుపుకుని తాగిన మొండిపిల్ల అది. అంతటిదాన్ని అలా నలిపేసి సముద్రం పాలు చేయడం నాకు మింగుడు పడలేదు. అసలు ఆ షరతు పెట్టకపోతే బాలూ జీవితంలోకి సంధ్య వచ్చేదా? రౌడీలు వచ్చేవాళ్ళా? తప్పంతా బయటివాళ్ళ నెత్తిన రుద్ది, పెద్దవాళ్ళను మెల్లగా తప్పించేశాడు. నా మంటంతా అక్కడే.

సెకండ్ షో:
అడిగిన రోజే పెళ్ళి చేసేస్తే ఇంటర్వెల్‌కే శుభం కార్డు పడుతుంది కదక్కా!

గ్రీమ్స్‌పేట కోడలు:
పడనీ. మిగతా టైములో ఎమ్మెస్ విశ్వనాథన్‌తో ఇంకో నాలుగు పాటలు చేయించుకోమను.