పైథాన్ 3.10 నుంచి 3.12కి మారాక జాబ్ నెమ్మదించింది, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
రాత్రిపూట నడిచే బ్యాచ్ జాబ్ ఒకటుంది, పాత వెర్షన్‌లో 41 నిమిషాల్లో అయిపోయేది. 3.12 పెట్టిన రోజు నుంచి 53 పడుతోంది. మా కోడ్‌లో ఒక్క లైను కూడా ముట్టుకోలేదు. 3.11 నుంచి వేగం బాగా పెరిగిందని అందరూ అంటుంటే మాకు మాత్రం తిరగబడింది, అందుకే టెన్షన్‌గా ఉంది. ఏ ఫంక్షన్ ఎంత సమయం తింటుందో చూపే సీప్రొఫైల్‌తో చూస్తే ఫలానా ఫంక్షన్ అని ఏదీ బయటపడలేదు, అన్నీ తలా కాస్త పెరిగాయి. ఇక గిట్ బైసెక్ట్ చేయాల్సిందేనా, అంటే పైథాన్ సోర్స్‌లోని మార్పుల్ని (కమిట్లని) సగం సగం చేసుకుంటూ ఏది కారణమో వెతకాల్సిందేనా?

జవాబు 1:
బైసెక్ట్ ఇప్పుడే వద్దండీ. 3.12 ఎలా ఇన్‌స్టాల్ చేశారు? "అన్నీ తలా కాస్త" అన్నారు కదా, నాకు అనుమానం అక్కడే. ఒక మార్పు వల్ల నెమ్మదిస్తే సాధారణంగా ఏదో ఒక చోట పోగుపడి కనిపిస్తుంది, అంతటా సమానంగా పెరిగిందంటే ముందు బైనరీనే, అంటే కంపైల్ అయి వచ్చిన పైథాన్‌నే చూడాలి. లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు ఇచ్చే పైథాన్‌ని చాలావరకు పీజీఓ (ఒకసారి నడిపి చూసి దాన్నిబట్టి కోడ్‌ని మెరుగుపరచడం), ఎల్‌టీఓ (లింక్ చేసేటప్పుడు కోడ్ మొత్తాన్ని కలిపి మెరుగుపరచడం) వాడి కంపైల్ చేస్తారు. పైథాన్ వెర్షన్లు పెట్టుకునే పైఎన్వ్ టూల్‌తో మనమే బిల్డ్ చేసుకుంటే, ఎనేబుల్-ఆప్టిమైజేషన్స్ అని విడిగా చెప్పకపోతే పీజీఓ ఉండదు. రెండింటిలోనూ సిస్‌కాన్ఫిగ్ మాడ్యూల్‌తో కాన్ఫిగ్ ఆర్గ్స్ (బిల్డ్‌కి ఇచ్చిన ఆప్షన్లు) ప్రింట్ చేసి పక్కపక్కన పెట్టి చూడండి.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తాను. దానికి తోడు సీ ఎక్స్‌టెన్షన్లు (వేగం కోసం సీ భాషలో రాసిన భాగాలు) కూడా చూడండి, డేటాని ప్యాక్ చేసే మెసేజ్‌ప్యాక్ లాంటి లైబ్రరీకి సీ భాగం దొరక్కపోతే ఎర్రర్ ఏమీ ఇవ్వకుండా పైథాన్‌లో రాసిన కోడ్‌తోనే నడిపించేస్తుంది, మనకు తెలిసేది జాబ్ నెమ్మదించాకే.

కంపైలర్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. 3.14 కోసం రాసిన టెయిల్ కాల్ ఇంటర్‌ప్రెటర్ (పైథాన్ కోడ్‌ని నడిపే భాగానికి కొత్త రూపం) 2025 మొదట్లో 10-15 శాతం వేగం తెచ్చిందని అనుకున్నారు, తీరా చూస్తే పోల్చిన పాత బిల్డ్ ఎల్ఎల్‌వీఎమ్ 19 కంపైలర్‌లోని ఒక లోపం వల్ల నెమ్మదించి ఉంది. దాన్ని తీసేస్తే మిగిలింది 3-5 శాతం. పైథాన్‌ని తయారుచేసేవాళ్లకే అలా జరిగింది.

కొలిచేటప్పుడు టర్బో బూస్ట్ (ప్రాసెసర్ తన వేగాన్ని తానే పెంచుకోవడం) ఆపి, గడియారం సమయంతో పాటు లినక్స్ టూల్ పెర్ఫ్ స్టాట్‌లో ఇన్‌స్ట్రక్షన్ల (ప్రాసెసర్ నడిపిన ఆదేశాల) లెక్క కూడా తీసుకోండి. రస్ట్ కంపైలర్ వాళ్లు రోజూ ఎక్కువగా ఆ లెక్కనే చూస్తారు, ఎందుకంటే సమయం ఊగినంతగా అది ఊగదు. అయితే క్యాష్ మిస్‌ల (కావాల్సిన డేటా ప్రాసెసర్ దగ్గరి మెమరీలో దొరకకపోవడం) వల్ల వచ్చే నెమ్మదితనం అందులో కనబడదు, కాబట్టి రెండూ ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
దొరికింది! 3.12లో కాన్ఫిగ్ ఆర్గ్స్‌లో ఒక్క ఆప్టిమైజేషన్ ఫ్లాగ్ కూడా లేదు, పాతదాంట్లో పీజీఓ, ఎల్‌టీఓ రెండూ ఉన్నాయి. అదే సోర్స్‌ని ఆ ఫ్లాగులతో మళ్లీ బిల్డ్ చేస్తే జాబ్ 37 నిమిషాలకు వచ్చింది. ఇద్దరికీ చాలా థాంక్స్. కానీ తేదీలను విడదీసే ఒక ఫంక్షన్ మాత్రం విడిగా నడిపితే ఇప్పటికీ 3.10 కంటే 8 శాతం ఎక్కువ ఇన్‌స్ట్రక్షన్లు తీసుకుంటోంది, ఎన్నిసార్లు నడిపినా అదే లెక్క.

జవాబు 1:
ఇప్పుడు బైసెక్ట్ చేయండి. ఎనిమిది వేల కమిట్లున్నా 13 బిల్డులతో తేలిపోతుంది. ప్రతి కమిట్‌కీ అవే ఫ్లాగులు, అదే కంపైలర్ ఉండాలి. పీజీఓ మాత్రం తీసేయండి, దాని ప్రొఫైల్ బిల్డు బిల్డుకీ మారి లెక్కని కదిలిస్తుంది, పైగా గంటలు తినేస్తుంది. ముందు పీజీఓ లేని రెండు బిల్డుల మధ్య ఆ 8 శాతం తేడా నిలబడుతుందో లేదో చూసుకోండి, నిలబడకపోతే బైసెక్ట్‌తో పనే లేదు. కంపైల్ అవని కమిట్ వస్తే స్క్రిప్ట్ 125 అనే ఎగ్జిట్ కోడ్‌తో బయటికొచ్చేలా రాయండి, గిట్ దాన్ని దాటేస్తుంది. 3.10, 3.12 ట్యాగులు వేర్వేరు బ్రాంచీల మీదుంటాయి కాబట్టి గిట్ మొదట ఆ రెండూ విడిపోయిన చోటి కమిట్‌ని పరీక్షించమంటుంది, కంగారు పడొద్దు.

ప్రశ్న అడిగినవారు:
పీజీఓ లేకుండా కూడా 7 శాతం తేడా ఉంది. ఈ రాత్రికే స్క్రిప్ట్ నడిపిస్తున్నా, కమిట్ దొరగ్గానే ఆ చిన్న ఫంక్షన్‌తో సహా ఇక్కడే పెడతాను.