ప్రోగ్రెసివ్ అద్దాలు కొనాలా, బైఫోకల్ చాలా? కొంటే పర్లాకిమిడిలోనా, వైజాగులోనా, ఆన్‌లైన్‌లోనా?

పర్లాకిమిడి లెక్కల మాస్టారు
ఈ విషయం ఇంట్లో ఎంతకీ తెగడం లేదు, అందుకే మీ ముందు పెడుతున్నాను. వయసు 48. ఒడిశాలోని పర్లాకిమిడిలో హైస్కూల్లో లెక్కలు చెప్తాను. చదువుకునే రోజుల నుంచి మైనస్ పవర్ ఉంది. ఇప్పుడు రెండు కళ్ళకీ -2.25, దగ్గరకి యాడ్, అంటే చదవడానికి అదనంగా కలిపే పవరు, +1.75 రాశారు. ఇంట్లో పేపరు చదవాలంటే అద్దాలు తీసేస్తే సరిపోతోంది. కానీ క్లాసులో అలా కుదరదు కదా, బోర్డు చూడాలంటే అద్దాలు ఉండాలి, చేతిలో పిల్లాడి నోటుబుక్కు చూడాలంటే తీసేయాలి, తీసేస్తే వెనక బెంచీ పిల్లల మొహాలు కనబడవు. రోజంతా ఇదే పని. గీత లేకుండా దూరం, మధ్య, దగ్గర మూడూ ఒకే లెన్సులో కనబడే ప్రోగ్రెసివ్ అద్దాలు మా ఊరి షాపాయన ఫ్రేముతో కలిపి 4,500కి ఇస్తానంటున్నాడు. మా బావగారు వైజాగులో పెద్ద షోరూముకి వెళ్ళమంటున్నారు, అక్కడ 18,000 చెప్పారు. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో అయితే మా ఊరి రేటుకంటే తక్కువలో రెండు జతలు వస్తాయంటున్నాడు. అసలు కొనాలా వద్దా? కొంటే ఎక్కడ?

జయపురం బ్యాంకు
కొనండి మాస్టారూ. నేను కౌంటర్లో పనిచేస్తాను, వచ్చినవాళ్ళ మొహం, పాస్‌బుక్కు, కంప్యూటరు, మూడూ మొన్నమొన్నటిదాకా ఒకే జతతో నడిచాయి. మొదటి వారం మాత్రం తల తిరిగినట్టు ఉంటుంది, మెట్లు దిగేటప్పుడు నేల దగ్గరకొచ్చినట్టు అనిపిస్తుంది. దానికి భయపడి అల్మారాలో పెట్టేసినవాళ్ళు మా ఆఫీసులోనే ఉన్నారు. పొద్దున్న లేచింది మొదలు అవే పెట్టుకుంటే అలవాటవుతాయి. కాసేపు కొత్తవి, కాసేపు పాతవి అంటే ఎప్పటికీ అలవాటు కావు. ఇంకొకటి, పక్కకి చూడాలంటే కళ్ళు తిప్పకూడదు, తల తిప్పాలి. లెన్సు పక్కలు మసకగానే ఉంటాయి, ఎంత ఖరీదైనది కొన్నా అంతే. కంప్యూటరు ముందు రోజంతా కూర్చునేవాళ్ళకి మాత్రం ఇవి అంత సుఖం కాదు, గడ్డం ఎత్తి చూసీ చూసీ మెడ నొప్పి వస్తుంది. అందుకే ఈమధ్య ఆఫీసు పనికి వేరే జత చేయించుకున్నాను. మీకు ఆ బాధ లేదనుకుంటా.

గుణుపురం రిటైర్డ్ రైల్వే
మాస్టారూ, ఈ ఖర్చంతా ఎందుకండీ? డి-బైఫోకల్ పెట్టుకుని నేను సర్వీసంతా చేశాను. పైన దూరం, కింద దగ్గర, మధ్యలో గీత. గీత కనబడితే ముసలివాళ్ళలా ఉంటామని సిగ్గుపడేవాళ్ళకోసం వచ్చింది ఈ ప్రోగ్రెసివ్. బైఫోకల్లో చదివే భాగం వెడల్పుగా ఉంటుంది, దినపత్రిక మొత్తం కాలమ్ తల తిప్పకుండా చదవొచ్చు. మీకు బోర్డు, నోటుబుక్కు, రెండే కదా దూరాలు. మూడోది లేనప్పుడు మూడోదానికి డబ్బు ఎందుకు కట్టాలి? వెయ్యి, పదిహేను వందల్లో అయిపోయే పని.

రాయగడ కుర్రాడు
తాతగారూ, మూడో దూరం అందరికీ ఉంది, ఫోను. అది పుస్తకంలా ఒడిలో పెట్టుకోరు, చెయ్యి చాచి పట్టుకుంటారు. మాస్టారుకి ముందు బెంచీ కూడా ఉంది. బైఫోకల్‌తో ఆ మధ్య దూరం ఏ భాగంలోనూ సరిగా పడదు.
మాస్టారూ, మీ అబ్బాయి చెప్పింది వినండి. మా నాన్నకి నేను ఆన్‌లైన్‌లోనే తెప్పించాను, బాగున్నాయి. రాయగడ నుంచి వైజాగు రైలు ఎక్కి, ఒక రోజు సెలవు పెట్టి, తిరిగి డెలివరీకి ఇంకోసారి వెళ్ళడం అందరికీ కుదిరే పని కాదు. చిన్న ఊళ్ళలో షాపుకి పోటీ లేదు కాబట్టి చెప్పిందే రేటు. ఆన్‌లైన్‌లో రేటు ముందే కనబడుతుంది. పీడీ, అంటే రెండు నల్లగుడ్ల మధ్య దూరం, యాప్‌లో కొలుచుకోవచ్చు, నచ్చకపోతే వెనక్కి పంపొచ్చు. ఇంతకంటే ఏం కావాలి?

బరంపురం అద్దాల షాపు
నాకు బరంపురంలో షాపుంది, ముందే చెప్పేస్తున్నాను, దాన్ని దృష్టిలో పెట్టుకునే చదవండి. ఆన్‌లైన్‌లో కొనొద్దని నేను అందరికీ చెప్పను. ఒక్క పవరు ఉన్న అద్దాలైతే, సిలిండర్ (అడ్డానికి, నిలువుకి తేడాగా ఉండే పవరు) ఎక్కువ లేకపోతే, హాయిగా తెప్పించుకోండి. ప్రోగ్రెసివ్ సంగతి వేరు.

ఈ లెన్సులో పై నుంచి కిందకి పవరు కొద్దికొద్దిగా మారుతుంది. ఆ మారే దారి సన్నగా, నిలువుగా ఉంటుంది. మామూలుగా చూసినప్పుడు మీ నల్లగుడ్డు సరిగ్గా ఆ దారి మొదట్లో ఉండాలి, కిందకి చూసినప్పుడు చూపు ఆ దారిలోంచే జారాలి. ఇది కుదరాలంటే రెండు కొలతలు కావాలి. ఒకటి పీడీ, అదీ రెండు కళ్ళకీ కలిపి 64 అని కాదు, ముక్కు మధ్య నుంచి కుడి కంటికెంత, ఎడమ కంటికెంత అని విడిగా, ఎందుకంటే చాలామందికి ఆ రెండూ సమానంగా ఉండవు. రెండోది ఫిట్టింగ్ హైట్, అంటే ఫ్రేము అడుగు నుంచి నల్లగుడ్డు మధ్య వరకు ఎత్తు. ఈ రెండోది తీయాలంటే మీరు కొనబోయే ఫ్రేము మీ ముక్కు మీద కూర్చోవాలి. దాని కాళ్ళు చెవి వెనక సరిగా వంచి, ముక్కు దగ్గర ప్యాడ్లు సర్దాకే కొలవాలి. నేను మీ ఎదురుగా మీ కళ్ళంత ఎత్తులో కూర్చుని, ఫ్రేములో ఉన్న డమ్మీ అద్దం మీద మార్కర్ పెన్నుతో చుక్క పెడతాను. ఒక్క రెండు మూడు మిల్లీమీటర్లు కిందకి పోతే మీరు చదవడానికి గడ్డం ఎత్తాలి, పైకి పోతే నేరుగా చూసినప్పుడే దూరం మసకగా ఉంటుంది. అప్పుడు మీరు నాకు ప్రోగ్రెసివ్ పడలేదు అంటారు. పడలేదని నా దగ్గరకి వచ్చిన జతల్లో ఎక్కువ భాగం లెన్సు తప్పు కాదు, కొలత తప్పు.

ఇక 18,000 సంగతి. ఖరీదైన డిజైన్లలో పక్కల మసక కొంత తగ్గుతుంది, చదివే భాగం కాస్త వెడల్పవుతుంది, అది నిజమే. కానీ పూర్తిగా పోదు, పోయేలా చేయడం ఎవరి వల్లా కాదు, పవరు మారే లెన్సు స్వభావమే అది. 1959లో ఫ్రాన్స్‌లో బెర్నార్ మేట్‌నాజ్ వారిలక్స్ పేరుతో మొదటి బాగా నడిచిన ప్రోగ్రెసివ్ తెచ్చినప్పటి నుంచి కంపెనీలన్నీ ఆ మసకని ఎటు నెట్టాలా అన్నదాని మీదే పనిచేస్తున్నాయి. యాడ్ పెరిగిన కొద్దీ అది పెరుగుతుంది. అందుకే +1.75 దగ్గర మొదలుపెట్టేవాళ్ళకి అలవాటు తేలిక, అరవై దాటి +2.50 దగ్గర మొదటిసారి పెట్టుకునేవాళ్ళకి కష్టం. మాస్టారు పవరుకి మధ్య రకం లెన్సు చాలు. కొలత సరిగా తీసిన మధ్య రకం, కొలత లేని ఖరీదైన దానికంటే ఎప్పుడూ మేలు.

ఫ్రేము మరీ సన్నగా ఉన్నది తీసుకోకండి. నిలువు ఎత్తు 30 మిల్లీమీటర్లకి దగ్గరగా ఉంటే చదివే భాగానికి చోటు దొరుకుతుంది.

రాయగడ కుర్రాడు
అన్నా, మీరు చెప్పింది మీ షాపులో నిజమే అయ్యుంటుంది. కానీ చుక్క పెట్టి కొలిచే షాపులు మన జిల్లాల్లో ఎన్నున్నాయి? నేను చూసిన ఒక షాపులో ప్లాస్టిక్ స్కేలు మా నాన్న మొహం ముందు పెట్టి ఒక అంకె రాసుకున్నారు, ఫ్రేము ఇంకా అల్మారాలోనే ఉంది. ఎత్తు అడిగితే ల్యాబువాళ్ళు చూసుకుంటారన్నారు. ల్యాబువాళ్ళు మా నాన్న ముక్కుని ఎక్కడ చూస్తారు? అలాంటి కొలతకి 4,500 ఇవ్వడం కంటే ఆన్‌లైన్‌లో పోయినా తక్కువే పోతుంది. పైగా లెన్సు ఎలాగూ మీ షాపులో తయారవదు, మీరూ ల్యాబుకే పంపిస్తారు కదా.

బరంపురం అద్దాల షాపు
తమ్ముడూ, ఆ షాపు చేసింది తప్పే. అలా చేసే చోట కొనొద్దు, అది నా పక్క షాపైనా సరే. అందుకే నేను ఊరు పేరు చెప్పడం లేదు, పద్ధతి చెప్తున్నాను. అడ్వాన్సు ఇచ్చేముందు నా ఫ్రేము మీద మార్కు పెట్టి చూపించండి అని అడగండి. పెట్టనంటే లేచి వచ్చేయండి. అద్దాలు వచ్చాక కూడా లెన్సు మీద తయారీలో వేసిన రంగు గుర్తులు తుడిచేయకముందే ఒకసారి పెట్టుకోండి, ప్లస్ గుర్తు మీ నల్లగుడ్డు మీద పడుతోందా లేదా ఎదుటివాళ్ళకి తెలిసిపోతుంది. తుడిచేసినా దారి ఉంది, ప్రతి ప్రోగ్రెసివ్ లెన్సు మీదా 34 మిల్లీమీటర్ల దూరంలో రెండు చిన్న చెక్కుడు గుర్తులుంటాయి. వెలుతురుకి అడ్డంగా పట్టి ఊపితే కనబడతాయి. చెవి వైపు గుర్తు కింద యాడ్ అంకె ఉంటుంది, 1.75కి 17 అనో 175 అనో. ఆ గుర్తులు లేవంటే అది ప్రోగ్రెసివే కాదేమో అని అడగాలి.
ల్యాబు మాట నిజమే. లెన్సు తయారుచేసేది వాళ్ళే. కానీ తేడా వస్తే మీరు వెళ్ళి నిలబడేది షాపు ముందే, ల్యాబు ముందు కాదు.

బరంపురం నేత ఇంటి అమ్మాయి
మాది పట్టు నేత కుటుంబం. ఎవరూ ఒక మాట అనలేదు, అద్దాలకి ముందు పనిని చూడాలి. మా నాన్న మగ్గం దగ్గర కూర్చుంటే పోగు ఉండే దూరం పుస్తకం దూరం కాదు, అంతకంటే ఎక్కువ. ప్రోగ్రెసివ్ పెడితే ఆ దూరం సన్న దారిలోనే దొరుకుతుంది, మగ్గం వెడల్పంతా చూడాలంటే తల అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి. చివరికి ఆ దూరం టేపుతో కొలిచి చెప్తే, దానికి సరిపోయే ఒక్క పవరు అద్దాలు ఇచ్చారు. పనికి అవి, బయటికి వేరేవి. దర్జీకైనా, పర్లాకిమిడి కొమ్ము పనివాళ్ళకైనా ఇదే మాట చెప్తాను.
ఇంకొకటి, మా అమ్మకి తెలుగు తప్ప చదవడం రాదు. పరీక్ష చేసేచోట దగ్గర చూపు కార్డు ఒడియాలో, ఇంగ్లీషులో ఉంది. అక్షరాలు తెలియనప్పుడు కనబడుతున్నాయా అంటే ఏం చెప్తుంది? ఇంటి నుంచి పంచాంగం తీసుకెళ్ళాం. మన అక్షరం కింద వత్తులు స్పష్టంగా విడివిడిగా కనబడే వరకు పవరు మార్చి చూడమన్నాం. తెలుగు మాత్రమే చదివేవాళ్ళు ఎవరైనా తమ పుస్తకం తమతో తీసుకెళ్ళండి.

రాయగడ కంటి ఆసుపత్రి
నేను కంటి పరీక్షలు చేసే ఉద్యోగంలో ఉన్నాను. ఎక్కడ కొనాలి అన్నదానికంటే ముందు కంటిని ఎవరు చూశారు అన్నది అడగండి. షాపులో కంప్యూటరు మీద పవరు తీసుకుని నేరుగా ప్రోగ్రెసివ్ చేయించుకుంటారు, లోపల శుక్లం మొదలైందో లేదో ఎవరూ చూడరు. శుక్లం ముదురుతుంటే పవరు మారిపోతూ ఉంటుంది, అప్పుడు పెట్టిన డబ్బు వృథా. షుగరు ఉన్నవాళ్ళకైతే షుగరు ఎగుడుదిగుడుగా ఉన్న రోజుల్లో పవరే నిలకడగా ఉండదు, అది అదుపులోకి వచ్చాకే పరీక్ష చేయించుకోవాలి. నలభై దాటాక కంటి ఒత్తిడి, వెనక నరం కూడా చూపించుకోవడం మంచిది. దీనికి ఎక్కడికో పోనక్కర్లేదు, రాయగడలో ఎల్.వి.ప్రసాద్ వాళ్ళ కేంద్రం ఉంది, బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉంది. అక్కడ చీటీ రాయించుకుని అద్దాలు మీకు నచ్చినచోట చేయించుకోండి.

తాతగారు బైఫోకల్ అన్నారు, దానికీ ప్రోగ్రెసివ్‌కీ మెట్ల దగ్గర ఒకటే ఇబ్బంది. కిందకి చూస్తే దగ్గర పవరు అడ్డొస్తుంది, మెట్టు అంచు మసకవుతుంది. 2010లో ఆస్ట్రేలియాలో పెద్ద వయసువాళ్ళు 606 మంది మీద ఒక పరిశోధన అచ్చయింది. ఇలాంటి అద్దాలు వాడేవాళ్ళలో కొందరికి బయట నడవడానికి దూరపు చూపు అద్దాలు విడిగా ఇచ్చారు. బాగా బయట తిరిగేవాళ్ళు పడిపోవడం తగ్గింది, ఎక్కువగా ఇంట్లోనే ఉండేవాళ్ళు మాత్రం బయటికి వెళ్ళినప్పుడు ఇంకా ఎక్కువ పడ్డారు. అంటే జతలు మార్చడం అందరికీ మంచిది కాదు, చురుగ్గా తిరిగేవాళ్ళకే. మా తాలూకాల్లో చాలామందికి ప్రోగ్రెసివ్ ప్రశ్నే రాదు, దూరం బాగానే కనబడుతుంది, దగ్గరకి రెండు వందల రూపాయల రీడింగ్ గ్లాసులు చాలు. అస్సాం టీ తోటల్లో నలభై దాటినవాళ్ళకి అలాంటి మామూలు అద్దాలిస్తే ఆకు కోత ఇంచుమించు 22 శాతం పెరిగిందని 2018లో అచ్చయింది. ఖరీదు చూసి అద్దాల మీద గౌరవం పెంచుకోకండి.

గుణుపురం రిటైర్డ్ రైల్వే
మెట్ల మాట ఒప్పుకుంటాను బాబూ, స్టేషన్ ఓవర్‌బ్రిడ్జి మీద నేనూ రెయిలింగు పట్టుకునే దిగుతాను. కానీ అలవాటైనవాళ్ళని బైఫోకల్ మాన్పించకండి. ఎనభై ఏళ్ళ మనిషికి కొడుకులు ప్రేమతో ప్రోగ్రెసివ్ కొనిపెట్టడం, ఆయన తల తిరిగి మంచం దిగకపోవడం మా వీధిలోనే చూశాను.

పర్లాకిమిడి లెక్కల మాస్టారు
అందరికీ నమస్కారం. నిన్న మా ఊరి షాపుకే వెళ్ళి మార్కు పెట్టి చూపించమన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు, ఫ్రేము సర్ది రెండు కళ్ళకీ విడివిడిగా చుక్కలు పెట్టి అంకెలు కాగితం మీద రాసిచ్చాడు. వైజాగు ఆలోచన మానేశాను, తేడా వస్తే అంత దూరం మళ్ళీ మళ్ళీ వెళ్ళలేను. ముందు కన్ను పూర్తిగా చూపించుకుని, ఆ చీటీతో ఈయన దగ్గరే మధ్య రకం చేయించుకుంటాను. పాత దూరపు అద్దాలు రాత్రిపూట బండి మీదకి ఉంచుకుంటాను. అలవాటు కాకపోతే ఏంటని అడిగితే, నెలలోపు అయితే లెన్సు మార్చి ఇస్తానన్నాడు.

బరంపురం అద్దాల షాపు
ఆ నెల మాట బిల్లు మీద రాయించుకోండి మాస్టారూ. నోటితో చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు. లెన్సు కంపెనీ ఇచ్చే కార్డు కూడా అడిగి తీసుకోండి.

రాయగడ కుర్రాడు
బిల్లు అంటే గుర్తొచ్చింది, 2025 సెప్టెంబరు 22 నుంచి చూపు అద్దాల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 4,500 అన్నది పాత లెక్కా కొత్త లెక్కా అడగండి సార్. మా నాన్నకి ఈసారి పవరు మారితే నేను కూడా ముందు చుక్క పెట్టించి, ఆ తర్వాతే ఎక్కడ కొనాలో చూస్తాను. ఆన్‌లైన్‌లో కొన్నా ఆ అంకెలు పంపితే తీసుకుంటారేమో కనుక్కుంటాను.