కబడ్డీ జెర్సీ మీద వాలిన అవుట్‌లైన్ అక్షరాలు: తెలుగుకు నప్పుతాయా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)
మా కబడ్డీ జట్టుకు కొత్త జెర్సీలు చేయిస్తున్నాము. పాతకాలపు రేసు కార్ల మీద, కళాశాల జట్ల బనియన్ల మీద కనిపించే ఇంగ్లీషు అక్షరాల తీరులో, కుడివైపు వాలి, లోపల ఖాళీగా, అంచు గీత మాత్రమే ఉండేలా ‘నల్లగొండ యోధులు’ అని ఛాతీ మీద వేయించాలని కుర్రవాళ్ల కోరిక. తెలుగు అక్షరాన్ని అలా వంచకూడదని పెద్దలు కొందరు అంటున్నారు. మీ అభిప్రాయం చెప్పగలరు.

అక్షరాభిమాని, నల్లగొండ
వద్దనే నా మాట. ఇంగ్లీషు పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తులో నిలబడతాయి కనుక ఎంత వాల్చినా వరుస చెదరదు. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి ఉంటాయి, కింద వత్తు ఉంటుంది. కంప్యూటరులో వాలు బొత్తాం నొక్కితే పై భాగం కుడికి, కింది భాగం ఎడమకు జరుగుతాయి. ‘నల్లగొండ’లో లావత్తు తన అక్షరాన్ని వదిలి నకారం వైపు పోతుంది. ఇక అవుట్‌లైన్ మరీ ప్రమాదం. ‘యోధులు’లో ధకారాన్ని దకారం నుంచి వేరు చేసేది కింద ఉన్న చిన్న గీత ఒక్కటే. దానిని రెండు సన్నని గీతలుగా చీలిస్తే గ్యాలరీలో కూర్చున్నవారు ‘యోదులు’ అనే చదువుతారు.

డీటీపీ పనివాడు, జడ్చర్ల
అన్నగారు చెప్పిన చిక్కు నిజమే కాని, ఆ తప్పు బొత్తానిది. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు అచ్చువేసిన లాటిన్ కవి వర్జిల్ కావ్యాల వాలు అక్షరాలు చేతిరాత ఒరవడి చూసి కొత్తగా చెక్కించినవే తప్ప, నిలువు అక్షరాలను పట్టి వంచినవి కావు. ఫ్లెక్సీలు రాకముందు మన పాలమూరు పెయింటర్లు గోడల మీద, లారీల మీద కుంచెతో తెలుగును వాల్చి రాసేవారు. వారి చేతిలో వత్తు కూడా వాలేది, అయినా తన అక్షరం కిందే నిలిచేది.

పని జరగవలసిన తీరు చెబుతాను. డీటీపీలో వాడే పాత ‘అను’ ఫాంట్లలో తలకట్టు, వత్తు వేర్వేరు ముక్కలుగా ఉంటాయి. బొమ్మలు గీసే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో వాటికి నేరుగా అవుట్‌లైన్ ఇస్తే, ముక్కలు కలిసేచోట గీతలు ఒకదాన్నొకటి కోసుకొని అక్షరం లోపల కనిపిస్తాయి. అందుకని ముందు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మగా మార్చి, వాల్చి, వత్తులను చేత్తో కుడికి జరిపి, ధకారం కింది గీతను కొంచెం పొడిగించి, ముక్కలన్నిటినీ వెల్డ్ చేసి ఒకే ఆకారంగా కలిపిన తరువాతే కాంటూరు, అంటే అంచు గీత ఇవ్వాలి. యూనికోడ్‌లో చేసేవారికి శీర్షికల కోసం చేసిన ‘సురవరం’ ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన మన పాలమూరు పెద్దాయన సురవరం ప్రతాపరెడ్డి పేరున్న ఫాంటును మన పిల్లల ఛాతీ మీద చూడాలని నాకు ఎంతో ఆశగా ఉంది.

క్రీడాభిమాని, వనపర్తి
పేరు ఎలా వేసినా, వీపు మీది అంకె మాత్రం నిండు రంగులో ఉండాలి. రెఫరీ ఆటగాణ్ణి గుర్తుపట్టేది దానితోనే.

అక్షరాభిమాని, నల్లగొండ
వత్తు సర్దగలిగితే వాలుకు నేను అడ్డు చెప్పను. బోలు అక్షరానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. కూతకు వెళ్లిన పిల్లవాడి బట్ట చెమటకు తడిసి ముడతలు పడితే సన్నని గీత ఆ ముడతల్లోనే కలిసిపోతుంది. లోపల తెలుపు నింపి, అంచుకు ముదురు నీలం మందంగా ఇవ్వండి.

మిర్యాలగూడ సభ్యుడు
రెండు విధాలుగానూ ఒక్కొక్క జెర్సీ వేయించి, మైదానంలో తొడిగించి, గ్యాలరీ చివరి వరుస నుంచి పెద్దల చేతనే చదివిస్తాము.