ఎత్తు రెట్టింపు చేసినా బొమ్మకారు స్పీడు రెట్టింపు కాలేదేం?

గాజువాక తాత:
అందరికీ నమస్కారం. స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఆరో తరగతి మనవరాలి సైన్సు ప్రాజెక్టుకి హెల్పరుని. మీటరు పొడవు షెల్ఫు చెక్కని ఒకవైపు పుస్తకాల మీద ఆనించి, పైనుంచి బొమ్మకారు వదిలి, ఎంతసేపట్లో దిగిందో ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూస్తున్నాం.

10 సెంటీమీటర్ల ఎత్తులో ఐదుసార్లకి సగటున 1.6 సెకన్లు. 20కి లేపితే 0.8 వస్తుందని పిల్ల ముందే నోటుబుక్కులో రాసేసుకుంది. వచ్చింది 1.1. "తాతా, నువ్వు లేటుగా నొక్కుతున్నావు" అని నా మీదికొచ్చింది. పోనీ బరువు చాల్లేదేమోనని కారు మీద మైనంతో రూపాయి బిళ్ళలు అంటించాను. పెద్ద తేడా లేదు. ఇన్నేళ్ళూ బరువు బండే పల్లంలో జోరుగా పోతుందనుకున్నాను! తప్పు చెక్కదా, నాదా?

(మొదట ఏటికొప్పాక లక్కకారు వాడాం. ముద్దుగా ఉంటుంది కానీ సగం దారిలో గోడవైపు తిరిగిపోతోంది.)

వీడియో పిచ్చోడు:
అంకుల్, స్టాప్‌వాచ్ పక్కన పెట్టండి. కంటికి కనబడ్డాక వేలు నొక్కేసరికే 0.2 సెకన్లు పోతాయి. మీరు కొలిచేదే సెకను, సెకనున్నర! పక్కనుంచి వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టండి. మామూలుగా సెకనుకి 30 ఉంటాయి.

లెక్కల టీచరు:
బాబాయ్ గారూ, మీ వేలు బాగానే నొక్కింది. 1.6ని 1.1తో భాగించి చూడండి, 1.4 పైచిలుకు వస్తుంది. రావలసిందీ దాదాపు అంతే. వాలు పెంచితే కారు స్పీడు తొందరగా అందుకుంటుంది, నిజమే. కానీ చెక్క కూడా తొందరగా దిగిపోతుంది కాబట్టి స్పీడు పెంచుకోడానికి టైము చాలదు. స్పీడు రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగు రెట్లు చేయాలి, అంటే 40.

బరువు సంగతి: లాగే బలం ఎంత పెరిగితే, కదలాల్సిన బరువూ అంతే పెరిగింది. చెల్లుకి చెల్లు. గెలీలియోకైతే స్టాప్‌వాచ్ కూడా లేదు. వాలులో కంచుగోళీ దొర్లించి, ఆలోపు పాత్రలోంచి కారిన నీళ్ళు తూచి టైము కట్టాడు.

మధురవాడ అమ్మ:
చేత్తో వదిలితే మనకి తెలియకుండానే చిన్న తోపు పడుతుందండీ. కారు ముందు స్కేలు అడ్డం పెట్టి, దాన్ని గబుక్కున పైకి తీసేయండి. మా వాడికి అలా చేశాకే అంకెలు కుదిరాయి.

గాజువాక తాత:
స్కేలు పెట్టాం, వీడియో తీశాం. 10 దగ్గర 48 ఫ్రేములు. 40కి పాత టెలిఫోన్ డైరెక్టరీలు అటక మీంచి దించాల్సొచ్చింది. 22 ఫ్రేములు! సగం కంటే తక్కువే. వాలు తక్కువున్నప్పుడు ఇరుసు రాపిడి ఎక్కువ పట్టేస్తోందని ఫిట్టరు బుర్రకి తట్టింది. సముద్రపు గాలికి ఇరుసు కాస్త తుప్పు పట్టింది కూడా. కుట్టుమిషన్ నూనె చుక్క వేద్దామంటే పిల్ల ఒప్పుకోవట్లేదు. "నూనె వేస్తే అది వేరే కారు తాతా, అన్నీ మళ్ళీ మొదట్నుంచి కొలవాలి" అంటోంది. సీసా దాచేసింది.