కలాపగ్రామంలో ‘ఆసతే’నా, ‘ఆసాతే’నా?

ప్రశ్న: భాగవతం ద్వాదశస్కంధంలో, కలాపగ్రామంలో యోగబలంతో ఉన్న ఇద్దరు, కురువంశపు దేవాపి, ఇక్ష్వాకువంశపు మరువుల శ్లోకం. ‘కలాపగ్రామ ఆస...’ దగ్గర ఆగిపోతోంది. దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వాళ్ల కాగితాల్లో ‘ఆసతే’ అని కనిపిస్తుంది. ఏది సరి? ఆ క్రియకి అర్థం కూర్చోవడమా, నివసించడమా?

అరసున్న: ‘ఆసాతే’. ఏక, ద్వి, బహువచనాల్లో వరసగా ఆస్తే, ఆసాతే, ఆసతే. ఉన్నది ఇద్దరే. పక్కనే ద్వివచనంలో ‘మహాయోగబలాన్వితౌ’ ఉండగా బహువచనం ఎలా అతుకుతుంది?

యతిభంగం: వ్యాకరణం దాకా ఎందుకండీ, గణం చూస్తే చాలు. అనుష్టుప్పు మూడో పాదంలో ఏడో అక్షరం గురువు. ‘సా’ నిలుస్తుంది, ‘స’ నిలవదు. ‘గ్రామే ఆసాతే’ అని విడగొట్టి అచ్చువేసేవాళ్లు ఐదో అక్షరాన్నీ చెడగొడుతున్నారు; అక్కడ లఘువు ఉండాలి. ఏకారం అకారమయ్యాక మళ్లీ సంధి చేయకూడదు, అంతే.

అరసున్న: ఒప్పుకున్నా. కానీ ‘ఆసతే’ ఉత్త అచ్చుతప్పు కాదని నా అనుమానం. బహువచనం చేస్తే ఇద్దరున్న ఊళ్లో సమాజం వాళ్లు చెప్పే గురువులు సెరాపిస్, హిలేరియన్, జ్వాలాకూల్ అందరూ సర్దుకుంటారు.

కౌథుమి: మూలం ‘మరు’ దగ్గరే ఉంది. సమాజ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్స్కీ 1888లో విష్ణుపురాణ వాక్యం ఉదహరిస్తూ ‘మరు’ పక్కన ‘మోరు’ అని చేర్చింది. అక్కణ్ణించి వాళ్ల గురువుల్లో ఒకడైన మోర్యకి అడుగు దూరం. ఇంకో గురువు కె.హెచ్.ని దేవాపి అనడం మాత్రం నాకు మింగుడుపడదు. సిమ్లాలో పత్రికా సంపాదకుడు సిన్నెట్‌కి 1880లో ఆ గురువు పేర అందిన ఉత్తరాల్లో సంతకం ‘కూట్ హూమీ లాల్ సింగ్’. అది కుథుమి, పౌష్యంజి శిష్యుడు, సామవేదంలో కౌథుమశాఖ ఆయనదే. ‘కూ’ దీర్ఘం ఇంగ్లీషు స్పెల్లింగు పుణ్యం.

ద్విత్వం: పేరు సామవేదిది, ‘లాల్ సింగ్’ పంజాబుది, దేవాపి అయితే పుట్టుక కురువంశంలో. ఒక్క గురువుకి ఎన్ని గోత్రాలు!

ప్రశ్న: నేనడిగింది ఆస్ ధాతువు గురించండీ.

యతిభంగం: వస్తున్నా. తర్వాతి శ్లోకంలో ‘కలేరంతే’ ఉంది. ఇద్దరూ తిరిగొచ్చేది కలి చివర. ఈలోగా జాబులు రాస్తారని ‘ఆసాతే’లోంచి పిండలేం.

కౌథుమి: జాబుల సంగతి వేరు. 1883లో అమెరికన్ ఉపన్యాసకుడు కిడిల్ తన ఉపన్యాసంలోని వాక్యాలు కె.హెచ్. ఉత్తరంలో ఉన్నాయని బయటపెట్టాడు. గురువు 48 గంటలు గుర్రం మీద తిరిగి సగం నిద్రలో మనసుతో చెప్పారనీ, చేలా (శిష్యుడు) కాగితం మీదికి దించాడనీ, సరిచూసుకోలేదనీ సమాధానం. తప్పు దొరికినప్పుడల్లా అది దించినవాడిదైతే ఇక పరీక్షకి నిలిచేదేముంది? 1885లో ‘సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్’ అనే పరిశోధన సంఘం తరఫున హాడ్జ్‌సన్ ఆ ఉత్తరాల దస్తూరీ పోల్చి చాలామటుకు బ్లావట్స్కీ చేతివ్రాతే అన్నాడు. అదే సంఘం పత్రికలో 1986లో హారిసన్ ఆ పోల్చడాన్నే తప్పుపట్టాడు. అదీ తేలలేదు.

అరసున్న: ‘చేలా’ అనకండి. తెలుగులో చేలమంటే బట్ట.

ద్విత్వం: ఇంతకీ పోతన ఈ శ్లోకాన్ని ఎలా తెనిగించాడు?

యతిభంగం: ద్వాదశం పోతనది కాదు, వెలిగందల నారయది. పోతనే కావాలంటే నవమానికి వెళ్లండి. మరువు ప్రస్తావన అక్కడా వస్తుంది. మూలంలో ‘ఆస్తే యోగసిద్ధః కలాపగ్రామమాస్థితః’. ఉండటం ‘ఆస్థితః’ చెప్పేసింది కాబట్టి ‘ఆస్తే’ అంటే ఆసనం వేసుకుని కూర్చోవడమే.

అరసున్న: కాదండీ. అక్కడ ‘ఆస్తే’ అంటే ‘ఇంకా ఉన్నాడు’. కలి చివర వంశం నిలబెట్టాల్సినవాడు ముందు బతికుండాలి కదా.

ద్విత్వం: నవమంలో ఆ పద్యం ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి. పోతన ‘ఆస్తే’ని ఏం చేశాడో చూద్దాం.